గిరి ప్రదక్షిణ రాత్రి నీళ్ళు పోసేవాడికి

చిన్నోడా,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. ఈ ఏడు సింహాచలం కొండ చుట్టూ జనం రాత్రంతా నడిచే గిరి ప్రదక్షిణకి నువ్వూ నీ స్నేహితులూ విశాఖలో వెంకోజీపాలెం దగ్గర నీళ్ళ పందిరి వేస్తున్నారటగా. ప్లాస్టిక్ సీసా గానీ, పాకెట్టు గానీ ఒక్కటి కూడా ఉండదటగా. ఫోన్ పెట్టేశాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మా ఇంటి పిల్లాడికి ఈ ఆలోచన వచ్చిందని సంతోషం ఒకపక్క, నీళ్ళతో పని కదా అని గుండెలో దడ ఒకపక్క. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను.

కుండలు కొత్తవే కొను, పోయినేటివి వద్దు. ఉప్పు పేరుకుని రంధ్రాలు మూసుకుపోతే కుండ చల్లబరచదు. ఒక రోజంతా నానబెట్టు. సబ్బు మాత్రం ముట్టించకు, మట్టి పీల్చేసుకుంటుంది. ప్లాస్టిక్ గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం, వాటి మాటే ఎత్తొద్దు. కాగితం గ్లాసులు మంచివే కదా అంటావేమో. ఒకటి తడిపి చింపి చూడు, లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఊడి వస్తుంది.

కుండల మీదే ఆధారపడకు నాయనా. 20 లీటర్ల కుండ అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులు సరిగ్గా 100. కొండ కింద తొలిమెట్టు, అదే తొలిపావంచ దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరిన జనం హనుమంతవాక దాటి, అప్పూఘర్ సముద్రం చూసుకుని నీ దగ్గరికి వచ్చేసరికి ఆ 100 గ్లాసులూ ఎంతసేపు ఆగుతాయి? పైగా గోడల్లోంచి చెమర్చిన నీరు ఆవిరైతేనే కుండ చల్లబడేది. ఆషాఢంలో మన ఊరి ఉక్కకి ఆ నీరు ఆవిరి కావడానికే చాలాసేపు పడుతుంది. అందుకని కుళాయిలున్న పెద్ద స్టీలు డ్రమ్ములు పెట్టు. కుండలు ముసలివాళ్ళకీ పిల్లలకీ ఉంచు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు.

నీకు మూడేళ్ళప్పుడు మా వీధి ఆడవాళ్ళం ఎనిమిదిమందిమి కలిసి పందిరి వేశాం. పది కుండలు, కింద తడి ఇసుక, కుండలో వట్టివేళ్ళు, చూడటానికి ఎంత బాగుండేదో. రావలసిన ట్యాంకరు రాలేదు. జనం వచ్చేస్తున్నారని తొందరపడి, పక్క ఇంటి సంపులోంచి బిందెలతో తోడించాను. క్లోరిన్ బిళ్ళలు నా కొంగు ముడిలోనే ఉన్నాయి. అంతకు ముందు ఏడు ఎవరో "మందు వాసన" అని మొహం చిట్లించి నీళ్ళు పారబోశారు. అది మనసులో పెట్టుకుని, ఈసారి వెయ్యొద్దులే అన్నాను. అన్నది నేనే, ఇంకెవరూ కాదు.

అర్ధరాత్రికి ముంచే గరిటె ఎక్కడో పోయింది. మరొకటి తెప్పించాల్సింది పోయి, గ్లాసులతోనే ముంచండర్రా అన్నాను. తాగిన గ్లాసు, తాగిన చెయ్యి, మళ్ళీ అదే కుండలోకి. పాదాలు పొక్కులెక్కినవాళ్ళు అక్కడే కూర్చుని కాళ్ళు ఒత్తుకుని, అదే చేత్తో గ్లాసు అందుకునేవాళ్ళు. నేను చూస్తూనే ఉన్నాను.

మర్నాడు సాయంత్రానికి మాతో పాటు రాత్రంతా మెలకువగా ఉన్న పక్కింటావిడ కూతురికి వాంతులు, విరేచనాలు. ఆరేళ్ళ పిల్ల. ఆసుపత్రిలో మంచం మీద పిల్ల కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. మోచేతి మీద చర్మం పట్టుకుని వదిలితే అలాగే నిలబడిపోయింది. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. పిల్ల బతికింది, ఇప్పుడు దానికో బిడ్డ. మా నీళ్ళ వల్లేనని ఎవరూ అనలేదు, వాళ్ళమ్మ కూడా. నాకు మాత్రం తెలుసు. దారిన వెళ్ళిపోయినవాళ్ళలో ఎంతమందికి అలా అయిందో, ఆ లెక్క నాకెప్పటికీ అందదు.

ఆ తర్వాత ఏడు నుంచి పాకెట్లకి మారిపోయాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి కుళాయిలు ఎండిపోయినప్పుడు కూడా పాకెట్టు నీళ్ళే మమ్మల్ని కాపాడాయి, ఆ మాట దాచను. కానీ ప్రదక్షిణ మర్నాటి పొద్దున్న రోడ్డు చూశావా? జనం పళ్ళతో కొరికి ఉమ్మేసిన పాకెట్టు మూలలు, గోరంత ముక్కలు, చీపురికి అందవు. తడి అరికాళ్ళకి అంటుకుని నడుస్తాయి. వాన పడితే గెడ్డలోకి, గెడ్డలోంచి సముద్రంలోకి. ఒక పొద్దున్న వంగి ఏరడం మొదలుపెట్టి ఏడ్చేశాను.

కాబట్టి నువ్వు చేస్తున్నది సరైన పనే. కానీ నీ నీళ్ళు తాగి ఒక్కరికి జబ్బు చేసినా, "అందుకే సీసా కొనుక్కోవాలి" అంటారు జనం. నీళ్ళలో క్లోరిన్ మందు వెయ్యి. వేశాక అరగంట ఆగు, తొందరపడకు. నీళ్ళలో క్లోరిన్ ఎంతుందో చూడటానికి మునిసిపాలిటీ వాళ్ళు వాడే క్లోరోస్కోప్ ఒకటి సంపాదించు. చుక్కలు వేస్తే నీళ్ళు పసుపు రంగుకి తిరగాలి, క్లోరిన్ లీటరుకి 0.2 మిల్లీగ్రాములకి తగ్గకూడదు. నీళ్ళు బురదగా ఉంటే మందంతా ఆ మట్టికే సరిపోతుంది, అలాంటివి తిప్పి పంపెయ్. ఎవరైనా వాసన అంటే నవ్వి ఊరుకో, నాలా మెత్తబడకు.

కుండలో చెయ్యి గానీ గ్లాసు గానీ దిగకూడదు. ప్రతి కుండకీ కుళాయి బిగించినవే కొను. సీసాలు తెచ్చుకున్నవాళ్ళకి సీసా నింపు, మూతి కుళాయికి తగలకుండా. మిగతావాళ్ళని దోసిలి పట్టమని పైనుంచి పొయ్యండి. మా నాయనమ్మ చలివేంద్రంలో అలాగే పోసేది. గ్లాసు కడిగే పని లేదు, తొట్టె మురికి నీళ్ళు రోడ్డు మీద పారబోసి ఒట్టికాళ్ళవాళ్ళని జార్చే పని లేదు.

ఆవిడ కొమ్ము చెంబు మా అటక మీద ఉంది. చింతపండు పెట్టి తోమించాను, ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. ఆ రాత్రి డ్రమ్ముల దగ్గర నాకో కుర్చీ వేయించు. మందు వేసే పని ఇంకెవరికీ ఇవ్వకు, నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీ అత్త