గురి ఎవరి చేతిలో ఉంది?

చిరంజీవికి ఆశీస్సులు.

తమ్ముడూ, మెక్‌లు, అంటే లోపల పైలట్ కూర్చుని నడిపే రెండు కాళ్ల భారీ యుద్ధయంత్రాలు, పోరాడే మెక్‌వారియర్ ఆటల్లోని ఆయుధాల మీద నువ్వు పంపిన వ్యాసం ఆసాంతం చదివాను. అంకెలు బాగా పట్టుకున్నావు. ఆ లోకపు లెక్కలో మెషిన్‌గన్ 90 మీటర్లు దాటితే పనికిరాదు. మన లోకంలో 12.7 మిల్లీమీటర్ల బ్రౌనింగ్ మెషిన్‌గన్ దాదాపు 1,800 మీటర్ల దాకా పనిచేస్తుంది. ఆటలో ఏసీ 20 (ఆటోకానన్) లాంటి భారీ ఫిరంగి 270 మీటర్ల దగ్గర ఆగిపోతుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో బ్రిటిష్ ఛాలెంజర్ ట్యాంకు ఒకటి 4.5 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఇరాకీ ట్యాంకును కొట్టింది. ఇవన్నీ చెప్పి, ‘కాబట్టి ఈ ఆటలో వాస్తవికత లేదు’ అని తేల్చేశావు. నాకు పేచీ ఆ ‘కాబట్టి’తోనే.

ఆ 270 ఎక్కడి నుంచి వచ్చిందో చూడు. కంప్యూటర్ ఆటలు రాకముందు, 1984లో, అమెరికాలో ఫాసా సంస్థ దీన్ని బల్ల మీద ఆడే ఆటగా తెచ్చింది. అట్ట మీద ఆరు భుజాల గడులు, ఒక్కో గడి 30 మీటర్లకు లెక్క. పటం పొడవు 17 గడులు, అంటే 510 మీటర్లు. ఫిరంగికి నిజమైన దూరం, కనీసం 2.5 కిలోమీటర్లు ఇవ్వాలన్నా అలాంటి పటాలు ఐదు వరుసగా పరవాలి. పరిచినా మెక్ ఒక్క అడుగు వేసేలోపే పోరు ముగిసిపోతుంది. కొండచాటుకు చేరడం, పక్కనుంచి చుట్టుముట్టడం, వెనక్కి తగ్గడం, వీటికోసమే ఆ ఆట పుట్టింది కనుక దూరాలను దగ్గరికి లాగారు. తెలిసి చేసుకున్న సర్దుబాటు అది. దాన్ని తప్పుగా పట్టుకోవడం తేలిక, అందుకే చాలామంది అక్కడే ఆగిపోతారు.

నువ్వు పట్టుకోవలసిన ప్రశ్న వేరు: గురి తప్పడమనేది ఎవరి చేతిలో ఉంది?

బల్ల మీద ఆటలో అది పాచికల చేతిలో ఉంది. తగిలిందా లేదా అన్నది రెండు పాచికల మొత్తం చెబుతుంది. తగిలితే ఒంట్లో ఎక్కడ తగిలిందో చెప్పడానికి మళ్లీ పాచికలు వేయాలి, అదీ ఒక్కో ఆయుధానికి విడివిడిగా. తలకు తగలాలంటే 12 పడాలి. అది 36 సార్లకు ఒక్కసారి పడే పందెం. తలకు కవచం 9 పాయింట్లు, లోపలి కట్టుబడి 3. ఏసీ 20 దెబ్బ 20 పాయింట్లు. తగిలితే తల ఎగిరిపోతుంది, కానీ కోరుకుని కొట్టలేవు. ఈ లెక్కంతా ఆ అరుదు మీదే నిలబడింది.

ఇప్పుడు అదే ఆయుధాలను కంప్యూటర్‌లో మౌస్ పట్టుకున్నవాడి చేతికివ్వు. 2013లో వచ్చిన మెక్‌వారియర్ ఆన్‌లైన్‌లో జరిగింది అదే. భుజానివీ మొండెంవీ చేతులవీ గుండ్లూ కిరణాలూ అన్నీ తెర మీద గురిగుర్తు ఉన్నచోటే వచ్చి కలుస్తాయి. చెయ్యి తిరిగిన ఆటగాడు ఒకే ఛాతీ భాగం మీద అన్నిటినీ ఒక్కసారిగా కుమ్మరించగలడు. పాచికలతో చెల్లాచెదురు కావలసిన దెబ్బలు ఒక్కచోట పడేసరికి పాత కవచం చాలలేదు. కవచాన్ని బల్ల ఆటకు రెట్టింపు చేశారు. అదీ సరిపోక, ఒకే రకం ఆయుధాలను పరిమితికి మించి ఒకేసారి పేలిస్తే అదనపు వేడి పడేలా నియమం పెట్టారు. ఆటగాళ్లు దాన్ని ఘోస్ట్ హీట్ అంటారు. ఈ కథ నీ వ్యాసంలో లేదు. నా లెక్కలో వ్యాసానికి గుండెకాయ ఇదే.

వాస్తవికత దగ్గర నిలదీయాలంటే కూడా ఇక్కడే నిలదీయాలి. రెండో ప్రపంచ యుద్ధం తొలినాళ్లలో బ్రిటిష్ స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం రెక్కల్లో ఎనిమిది మెషిన్‌గన్‌లు ఉండేవి. వాటి తూటాలు ఎంత దూరాన కలవాలో నేల మీదే బిగించి పంపేవారు. మొదట 400 గజాలకు పెట్టేవారు. 1940 నాటి పోరాటాల్లో పైలట్లు దాన్ని 250 గజాలకు తగ్గించుకున్నారు. ఆ దూరానికి అటూ ఇటూ అయితే తూటాలు విడిపోతాయి. కొన్ని మీటర్ల ఎడంలో ఆయుధాలు మోసే మెక్‌కు ఈ చిక్కు రాకుండా ఎలా పోతుంది? చేతులు తిరుగుతాయి, దూరాన్ని లేజర్ కొలుస్తుంది అని నువ్వు వాదించవచ్చు. వాదించు, బాగుంటుంది. కానీ మొండెంలో బిగించిన ఫిరంగి సంగతీ చెప్పాలి.

వేడి గురించి నీ పేరా నాకు నచ్చింది, ఇంకా పెంచు. 70 టన్నుల వార్‌హామర్‌నే తీసుకో. రెండు పీపీసీలు, అంటే కణాల కిరణాన్ని చిమ్మే ఫిరంగులు, ఒక్కోటి పేలితే 10 పాయింట్ల వేడి. నడకకు ఇంకొకటి. మొత్తం 21. దాని హీట్‌సింక్‌లు, అంటే వేడిని బయటికి పంపే పరికరాలు, ఒక్కో వంతులో చల్లార్చగలిగేది 18. మొదటి వంతుకు 3 మిగులుతుంది, రెండో వంతుకు 6. 5కు చేరితే చాలు, నడక మందగిస్తుంది. మూడోసారి రెండూ పేల్చాలా, ఒకదాన్ని ఆపుకోవాలా? ఆ తటపటాయింపును పాఠకుడి చేత అనుభవింపజెయ్యి. ప్రతి ఫిరంగినీ బ్రహ్మాస్త్రంతో పోల్చే అలవాటు మాత్రం మానుకో. బ్రహ్మాస్త్రానికి హీట్‌సింక్ లెక్కలు ఉండవు, వీటికి ఉంటాయి.

రెండు కాళ్ల మీద నిలబడే ఎత్తైన యంత్రం యుద్ధరంగంలో సులువైన లక్ష్యమని, అబ్రామ్స్ ట్యాంకును రెండున్నర మీటర్ల లోపు ఎత్తులో కట్టింది అందుకేనని ఒక్క వాక్యంలో ఒప్పేసుకుని ముందుకు సాగు. ఆ చర్చకు మూడు పేజీలు అక్కర్లేదు. తీసేసినచోట ఆర్మర్డ్ కోర్ అనే ఇంకో యంత్రాల ఆటను తీసుకురా. 1997 నాటి మొదటి ఆటలోనే, రెండు కాళ్ల యంత్రం వీపు మీది పెద్ద ఫిరంగి పేల్చాలంటే ఆగి మోకాలు వంచాలి. ట్యాంకు ట్రాకులు తగిలించుకుంటే కదులుతూనే పేల్చవచ్చు. అంకె ఒక్కటీ చెప్పకుండానే ఆ ఆట ఫిరంగి వెనక్కి తన్నే దెబ్బను నీ చేతికి తెలియజేస్తుంది. 2002లో క్యాప్‌కామ్ తెచ్చిన స్టీల్ బెటాలియన్ ఇంకో దారి పట్టింది. దానితో వచ్చిన కంట్రోలర్‌కు దాదాపు నలభై బొత్తాలు, రెండు జాయ్‌స్టిక్‌లు, మూడు పెడళ్లు. యంత్రం కూలేలోపు ఎజెక్ట్ బొత్తాం నొక్కకపోతే పైలట్ చచ్చిపోతాడు, నువ్వు దాచుకున్న ఆట కూడా చెరిగిపోతుంది. తుపాకీ కొలతల కన్నా ఆ భయమే నాకు ఎక్కువ నిజమనిపించింది.

వ్యాసం మొత్తం తిరగరాయకు. ముందు పీపీసీ పేరా ఒక్కటి పట్టుకో. 90 మీటర్ల లోపల అది సరిగా పనిచేయకపోవడాన్ని ‘అర్థంలేని నియమం’ అని కొట్టేశావు. ఆ లోకంలో దానికి కారణం చెప్పుకున్నారు: కిరణం తిరగబడి సొంత ఆయుధాన్నే కాల్చకుండా ఒక నిరోధకం అమర్చారట. ఐచ్ఛిక నియమాల్లో దాన్ని ఆపేసి, ప్రమాదానికి తెగించి, దగ్గరనుంచీ కొట్టవచ్చు. ఆపి ఆడి చూడు, ఆపకుండా ఆడి చూడు. రెండు ఆటల్లో నీ నిర్ణయాలు ఎక్కడ మారాయో రాసి, వచ్చే నెలలోపు నాకు పంపు.