చైన్‌ను చూడలేని యాప్‌కు మీ మెసేజ్‌లెందుకు?

ప్రశ్న: కొత్త బైక్‌ను బ్లూటూత్‌తో ఫోన్‌కు కలిపాను. యాప్‌లో ‘చైన్ కండిషన్: గుడ్’ అని వస్తోంది. కానీ వెనక నుంచి గరగరమని ఒకటే శబ్దం. యాప్‌ను నమ్మాలా? (స్క్రీన్‌షాట్లు పంపాను.) - ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ చెవిని నమ్మండి. వానలు మొదలైతే చాలు, ఇదే ఫిర్యాదు మళ్లీ మళ్లీ వస్తోంది. మన రోడ్ల మీద తిరిగే మామూలు బైకుల్లో చైన్‌కు సెన్సార్ ఉండదు. కిందటి సర్వీస్ తర్వాత ఎన్ని కిలోమీటర్లు తిరిగారో యాప్ లెక్కేస్తుంది, అంతే. మధ్యలో మీరు బురదలో నడిపారో, చైన్ ఎండి తుప్పు పట్టిందో దానికి తెలిసే దారే లేదు. తెలియనప్పుడు ‘గుడ్’ అని ఎలా చూపిస్తారు? ‘500 కిలోమీటర్లు దాటింది, చైన్ చూసుకోండి’ అంటే సరిపోయేది కదా!

బండికి మెయిన్ స్టాండ్ వేసి, ఇంజిన్ ఆపి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి చైన్ తుడిచే అలవాటుంటే ఇవాళే మానేయండి, వేళ్లు తెగిపోతాయి. కింది వైపు చైన్‌ను మధ్యలో పట్టుకుని పైకీ కిందికీ ఆడిస్తే చాలా బైకులకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల లూజ్ ఉండాలి. మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూడండి. ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా ఉంటే చైన్ పని అయిపోయినట్టే. స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పళ్లు ఓ పక్కకు కొక్కేల్లా తిరిగితే చైన్ సెట్ మొత్తం మార్చాలి. అరిగిన పళ్లు కొత్త చైన్‌నూ తినేస్తాయి. లింకుల మధ్య రబ్బరు రింగులుండే ఓ-రింగ్ చైన్‌ను పెట్రోల్‌తో కడగొద్దు, రబ్బరు పాడవుతుంది. పనిలో పనిగా ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్క్ రాడ్లనూ చూడండి. వాటి మీద ఆయిల్ కారుతుంటే సీల్ పోయిందని అర్థం. ఆ ఆయిల్ బ్రేక్ డిస్క్ మీదికి చేరకముందే మెకానిక్‌కు చూపించండి.

నాకు అసలు టెన్షన్ మీ రెండో స్క్రీన్‌షాట్ చూశాక పట్టుకుంది. కాంటాక్ట్స్, ఎస్సెమ్మెస్, లొకేషన్, నోటిఫికేషన్లు... అడిగినవన్నీ ఇచ్చేశారు! మీటర్ మీద కాల్ చేసినవాళ్ల పేరు కనబడాలని నోటిఫికేషన్ యాక్సెస్ ఇస్తారు. దాంతో చాలా ఫోన్లలో బ్యాంకు ఓటీపీ సహా ప్రతి మెసేజ్‌నూ ఆ యాప్ చదవగలదు. కిలోమీటర్లు లెక్కపెట్టడానికి ఇదంతా ఎందుకు? ఎస్సెమ్మెస్, నోటిఫికేషన్ అనుమతులు వెంటనే తీసేయండి. లొకేషన్‌ను ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అని మార్చండి.

ఇలా అడిగినవన్నీ ఇచ్చేసే అలవాటు మీదే మోసగాళ్లు బతుకుతున్నారు. ఈ-చలానా పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా యాప్‌ను ఫోన్‌లోకి ఎక్కించే ఫైల్) పంపి, ఎస్సెమ్మెస్ అనుమతి అడిగి, ఖాతాలు ఖాళీ చేస్తున్నారు. రేపు ‘సర్వీస్ డ్యూ’ పేరుతో పంపడానికి వాళ్లకు అడ్డేముంది? బైక్ యాప్‌ను ప్లే స్టోర్ నుంచే వేసుకోండి. పొరపాటున ఏపీకే ఇన్‌స్టాల్ చేసి ఉంటే ఆ ఫోన్‌లో డేటా, వైఫై ఆపి, ఇంకో ఫోన్ నుంచి ముందు బ్యాంకుకు, తర్వాత సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయండి.