ముందు వైద్యం, కేసు సంగతి తర్వాత

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 47 ఏళ్లు, ఉండేది మల్కాజిగిరిలో. చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే మేనమామ నన్ను జిల్లాలో ఒక బాలికల హాస్టల్లో వేశాడు. 1988 నుంచి అయిదేళ్లు అక్కడే ఉన్నాను. వార్డెన్ భర్త రాత్రిళ్లు తాళాల గుత్తి పట్టుకుని వరండాలో తిరిగేవాడు. ఇంతకంటే రాయలేను, మీకు అర్థమవుతుంది. కొన్నాళ్లుగా నెలసరి పది రోజులైనా ఆగట్లేదు. లోపల పరీక్ష చేయాలి, బల్ల మీద పడుకోమని డాక్టరమ్మ అనగానే కాళ్లు బిగుసుకుపోయి, చెమటలు పట్టి బయటికి వచ్చేశాను. మా వారికి ఏమీ తెలియదు. ఐర్లండ్‌లోని డబ్లిన్‌లో నర్సుగా చేస్తున్న మా పిన్ని కూతుర్ని ఎవరి గురించో అన్నట్టు అడిగితే, అక్కడ ఇలాంటివాళ్లకి ప్రభుత్వం డబ్బూ, హెల్త్ కార్డూ ఇస్తుందంది. మనకి అలాంటిదేమైనా ఉందా? అసలు కేసు పెట్టకుండా ఈ విషయం డాక్టర్‌కి చెప్పొచ్చా?
– పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: చెప్పొచ్చు. మీ చివరి ప్రశ్నకే ముందు జవాబిస్తున్నాను, ఎందుకంటే మిగతావన్నీ ఆగుతాయి, ఈ రక్తస్రావాన్ని మాత్రం నాన్చకూడదు. 47 ఏళ్ల వయసులో ఇన్ని రోజులు పోతుంటే ఫైబ్రాయిడ్లా, హార్మోన్లా, గర్భసంచి లోపలి పొరలో ఇంకేదైనా మార్పా అన్నది తేల్చుకోవాల్సిందే.

కథంతా చెప్పక్కర్లేదు. "చిన్నప్పుడు నాకు చెడ్డ అనుభవం జరిగింది, లోపలి పరీక్షంటే భయం" అని కాగితం మీద రాసి డాక్టరమ్మ చేతికివ్వండి, చాలు. మొదట పొట్ట మీద నుంచి స్కాన్, రక్త పరీక్షలు చేయమనండి. లోపలి నుంచి ముక్క తీసి పరీక్షకు పంపాల్సి వస్తే మత్తిచ్చి చేయమని అడగొచ్చు, అది గొంతెమ్మ కోరికేం కాదు. నమ్మకమున్న మనిషిని పక్కన ఉంచుకోండి. చెయ్యి ఎత్తితే ఆపెయ్యాలని ముందే మాట తీసుకోండి. దానికి విసుక్కునే డాక్టరైతే ఇంకో డాక్టర్ని చూసుకోండి, ఈ ఊళ్లో డాక్టర్లకేం కరువు లేదు.

డాక్టర్ పోలీసులకి చెప్పేస్తారేమోనన్న టెన్షన్ కూడా మీకు ఉండే ఉంటుంది. పిల్లలపై జరిగిన నేరం తెలిస్తే చెప్పి తీరాలనే పోక్సో చట్టం 2012 నవంబర్ 14న అమల్లోకి వచ్చింది, మీకు జరిగింది చాలా ముందు. మీరు వెళ్తున్నది వైద్యానికి, ఫిర్యాదుకు కాదు.

ఇక ఐర్లండ్ సంగతి. మీ చెల్లెలు చెప్పింది నిజమే, కానీ అదేం ఊరికే రాలేదు. చర్చి సంఘాలు నడిపిన స్కూళ్లలో, అనాథాశ్రమాల్లో పిల్లల్ని దశాబ్దాల పాటు హింసిస్తే, 1999లో ప్రధాని క్షమాపణ చెప్పాడు, 2002లో చట్టం తెచ్చి ఆ తర్వాత పదిహేను వేల మందికి పైగా పరిహారం ఇచ్చారు. ఇచ్చారు సరే, తీసుకున్నవాళ్లు ఇక కోర్టుకి వెళ్లకూడదు, వచ్చింది ఎంతో బయటపెడితే నేరం అని కూడా రాసుకున్నారు. నోరు మూయించబడ్డ మనుషులకి మళ్లీ నోరు మూసుకోమని షరతు పెట్టడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అక్కడి సన్యాసినులు నడిపిన, జీతం లేకుండా బట్టలుతికించిన మాగ్డలీన్ లాండ్రీల ఆడవాళ్లకి 2013లో క్షమాపణ దక్కింది, ఆఖరి లాండ్రీ మూతపడింది 1996లోనే. వాళ్లకి 11,500 నుంచి లక్ష యూరోల దాకా ఇచ్చారు, 2015 చట్టంతో కార్డూ ఇచ్చారు. మందులు, పళ్లు, కళ్లు, ఫిజియోథెరపీ, కౌన్సెలింగ్ దాని మీద ఉచితం. మాటిచ్చిన స్థాయిలో కార్డు లేదని ఆ ఆడవాళ్లు గొడవ చేశారు, చేయాల్సిందే. పెళ్లికాని తల్లుల్నీ బిడ్డల్నీ ఉంచిన హోముల కోసం 2024లో మొదలైన పథకంలో అయితే, పసిబిడ్డగా అక్కడ గడిపింది ఆరు నెలల లోపే అయితే పైసా లేదు. దెబ్బని క్యాలెండర్‌తో కొలిచారన్నమాట. ఆస్ట్రేలియా 2018 నుంచి లక్షన్నర డాలర్ల వరకు ఇస్తోంది, దాంతో పాటు కౌన్సెలింగ్, కోరితే ఆ సంస్థ పెద్దలు ఎదురుగా కూర్చుని క్షమాపణ చెప్పడం కూడా ఉంది.

మనకి ఇలాంటి పథకం లేదు, ఆశ పెట్టి లాభం లేదు. ఉన్నది మామూలు చట్టమే. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకి కాలపరిమితి లేదు కాబట్టి, అత్యాచారమైతే ఇప్పటికీ ఫిర్యాదు చేయొచ్చు, అప్పటి ఐపీసీ సెక్షన్ల కిందే నడుస్తుంది. అసభ్యంగా తాకడం లాంటి 354 సెక్షన్ నేరానికి అప్పట్లో శిక్ష రెండేళ్లే, గడువు ఎప్పుడో దాటింది, కోర్టు ఆలస్యాన్ని మన్నిస్తే తప్ప. నష్టపరిహారం దావా కూడా మేజర్ అయ్యాక మూడేళ్లలోపే వేయాలి. ఇక మిగిలింది బాధితుల పరిహార పథకం. అందులోనూ మూడేళ్ల గడువుంది గానీ, తగిన కారణం ఉంటే మన్నించే అధికారం న్యాయ సేవాధికార సంస్థకి ఉంది. పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టు ఆవరణలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లాయర్ ఉచితం. అడిగినంత మాత్రాన కేసు పెట్టినట్టు కాదు.

ఆ మనిషి ఇప్పటికీ పిల్లల మధ్య ఉంటే మాత్రం లెక్క వేరు. అప్పుడు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి, ఆలోచించకండి.

మనసు సంగతికి టెలి మానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. ఎర్రగడ్డ అనగానే మొహం మాడ్చుకోకండి, అక్కడి మానసిక వైద్యులు మీలాంటివాళ్లని చూస్తూనే ఉంటారు, చెప్పింది గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అంటోంది. మీ వారికి చెప్పాలా వద్దా అనేది పూర్తిగా మీ ఇష్టం, అది వైద్యానికి షరతు కాదు.

ప్రశ్న: నేను కూకట్‌పల్లిలో డెంటిస్ట్‌ని. యాభై దాటిన ఒకాయన కుర్చీ వెనక్కి వాల్చగానే నా చెయ్యి తోసేశారు. "హాస్టల్లో పెరిగానమ్మా, నోటి దగ్గర చెయ్యి పెడితే పడదు" అని, ఇంకేం చెప్పలేదు. ఎలా ట్రీట్ చేయాలి?

జవాబు: ఏం జరిగిందని అడగకండి, చెప్పాలనుకుంటే ఆయనే చెబుతారు. కుర్చీని వీలైనంత నిటారుగా ఉంచండి, గది తలుపు కాస్త తీసి ఉంచండి, అద్దమైనా సరే నోట్లో పెట్టే ముందు చూపించి చెప్పండి. "ఏం కాదు, కదలకుండా ఉండండి" అనే మాట మనకి అలవాటు, ఆయనకి మాత్రం అదే మాట అప్పుడు ఇంకెవరో చెప్పి ఉండొచ్చు. మొదటి రోజు క్లీనింగ్ కూడా వద్దు, చూసి పంపించండి. తర్వాతి అపాయింట్‌మెంట్ పొద్దున మొదటిదే ఇవ్వండి, బయట బెంచీ మీద ఎదురుచూస్తూ లేచి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.