అర్జీ పెట్టే ముందు: మేనల్లుడికి ఉత్తరం

అమలాపురం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ ఆర్మీ యూనిట్లో నీకంటే జూనియర్‌ని నాయక్ కేడర్‌కి, అంటే ఆ ర్యాంకు ప్రమోషన్ కోర్సుకి, పంపారని, కోతలకి సెలవు కూడా ఇవ్వలేదని ఫోన్లో అన్నావు. ముందా రెండూ విడదియ్యి. సెలవు సంగతి ప్లటూన్ జేసీఓతో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) నోటిమాటగా తేల్చుకో, తేలకపోతే దర్బారులో, అంటే సీఓ గారు (కమాండింగ్ ఆఫీసర్) జవాన్లందరితో పెట్టే సమావేశంలో, అడుగు. సీనియారిటీ గొడవ మాత్రం కాగితం మీదే తేలాలి.

అర్జీ రాసే ముందు క్లర్కు దగ్గర నీ రికార్డు చూడు. పాసైన పరీక్ష పార్ట్ టూ ఆర్డర్‌లో, అంటే సర్వీసు వివరాలు నమోదు చేసే యూనిట్ ఉత్తర్వులో, ఎక్కకపోతే రికార్డ్ ఆఫీసు లెక్కలో నువ్వు పాసవ్వనట్టే. అలాగైతే ఎవరి మీదా ఫిర్యాదు అక్కర్లేదు, ఆర్డర్ వేయించుకుంటే సరిపోతుంది.

రికార్డు సరిగ్గానే ఉంటే ఆర్మీ చట్టం 1950, 26వ సెక్షన్ కింద కంపెనీ కమాండర్‌కి రాయి. ఫిర్యాదు ఆయన మీదే అయితే ఆయన పై అధికారికి. నీ ఒక్కడి పేరునే రాయాలి. నలుగురూ కలిసి సంతకాలు పెడితే అసలు విషయం మూలపడి, క్రమశిక్షణ కేసు లేస్తుంది.

పేజీన్నర చాలు. నీ నంబరు, ర్యాంకు, పరీక్షల తేదీలు, ఆర్డర్ నంబర్లు, జూనియర్ పేరు వెళ్ళిన తేదీ, ఆఖర్న నీకేం కావాలో ఒక్క వాక్యం. చాలా అర్జీల్లో ఏడుపంతా ఉంటుంది గానీ ఆ వాక్యమే ఉండదు. ‘ఫలానా సాబ్ డబ్బు తిన్నాడు’ లాంటివి రుజువు లేకుండా రాయకు. తెలిసి అబద్ధం రాస్తే 56వ సెక్షన్ కింద అయిదేళ్ళ దాకా జైలు.

రెండు కాపీలు తీసి, ఒకదాని మీద అందినట్టు తేదీతో సంతకం తీసుకో. సిగ్గుపడకు, ఆ తేదీయే నీకు ఆధారం. పైదాకా వెళ్ళాక ఆరు నెలలైనా జవాబు రాకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. తిరస్కరిస్తూ తుది ఉత్తర్వు వస్తే, వచ్చిన ఆరు నెలల్లోపే వెళ్ళాలి. నువ్వు పోస్టింగ్‌లో ఉన్న ప్రాంతపు బెంచిలో వెయ్యి. చెన్నై బెంచి మన రాష్ట్రానిదే అయినా, ఇల్లు ఇక్కడుందని చెప్పి సర్వీసులో ఉండగా అక్కడ వెయ్యలేవు.

మీ అమ్మ ఎమ్మెల్యే గారి దగ్గరకి బయల్దేరుతోంది, ఆపాను. బయటి సిఫార్సు నీ మీదే తప్పుగా పడుతుంది. ఫేస్‌బుక్‌లో వీడియో పెట్టడం ఇంకా చేటు.

బోదె పక్క పొలం గట్టు తగాదా దారి వేరు. సర్వే నంబరు వేసి, సీఓ గారి ద్వారా కలెక్టర్‌కి ఉత్తరం పెట్టించు. ఇక్కడ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో నేను కనుక్కుంటాను. పొలం అడంగల్, 1-బి జిరాక్సులు రేపు స్పీడ్ పోస్టులో వేస్తున్నాను.

మీ మావయ్య