జనరేటర్ కొనాలా, ఇంటికి బీమా చేయించాలా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. సొంతిల్లు, కింది అంతస్తులో ఉంటాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఇన్వర్టర్, స్కూటర్ అన్నీ మునిగిపోయాయి. ఇప్పుడు 50 వేలు బోనస్ వచ్చింది. మావారు జనరేటర్, ఆన్‌లైన్‌లో అమ్మే ఎమర్జెన్సీ కిట్ కొందామంటున్నారు. అత్తయ్య, ఇద్దరు పిల్లలతో కలిపి ఐదుగురం. ఏం చేయమంటారు?

జవాబు: జనరేటర్ వద్దండి. అప్పుడు మీ ఇంట్లో అదే ఉండి ఉంటే ఫ్రిజ్‌తో పాటు అదీ మునిగేది. పైగా దానికి పెట్రోలు కావాలి. 2014లో హుద్‌హుద్ వచ్చి వెళ్లాక విశాఖలో బంకుల ముందు ఎంతెంత క్యూలు ఉన్నాయో అక్కడివాళ్లను అడగండి. తలుపులు వేసి ఇంట్లోనే నడిపితే వచ్చే పొగ ప్రాణాలు తీస్తుంది.

ఇన్వర్టర్ మళ్లీ కొనుక్కోవచ్చు, ఎండాకాలం కరెంటు కోతలకు ఎలాగూ పనికొస్తుంది. కాకపోతే మొన్న గోడ మీద నీళ్లు ఎంతవరకు వచ్చాయో చూసి, అంతకన్నా పైన గట్టి అరుగు కట్టించి బ్యాటరీ పెట్టండి. 150 ఏహెచ్ బ్యాటరీ మీద రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు ఒక రాత్రి నడుస్తాయి. కరెంటు రాకపోతే మర్నాటికి అదీ ఖాళీ. కాబట్టి ఫోన్ల కోసం 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు విడిగా ఉండాలి.

కిట్‌లో వచ్చే సామాన్లు సగం మీ ఇంట్లో ఉన్నవే. చార్జింగ్ టార్చిలైట్లు రెండు, మూతలున్న 20 లీటర్ల నీళ్ల క్యాన్లు మూడు, క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్, అత్తయ్యగారు రోజూ వేసుకునే మందులు పది రోజులకు సరిపడా తెచ్చుకోండి. తాగడానికి మనిషికి రోజుకు మూడు లీటర్లు అనుకుంటే మీ ఐదుగురికి మూడు రోజులకు 45 లీటర్లు కావాలి. సిగ్నల్ లేకపోతే ఫోన్‌పే పనిచేయదు, అందుకని వంద, రెండొందల నోట్లలో ఐదు వేలు బీరువా పై అరలో ఉంచండి.

అసలు మీకు నష్టం వచ్చింది సామాన్ల మీద. దానికి మందు బీమాయే. భారత్ గృహ రక్షా పాలసీ 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలన్నింటి దగ్గరా ఉంది. వరద, తుపాను నష్టాలు అందులోకి వస్తాయి. ఇంటికి బీమా చేయిస్తే అందులో 20 శాతం దాకా, గరిష్ఠంగా పది లక్షల వరకు సామాన్లకూ కవరేజీ ఉంటుంది. వానలు మొదలవకముందే తీసుకోండి, సామాన్ల ఫొటోలు, బిల్లులు మెయిల్‌లో దాచుకోండి. మిగిలిన డబ్బు స్వీప్-ఇన్ ఎఫ్‌డీలో (అవసరమైతే సేవింగ్స్ ఖాతా నుంచే తీసుకోగలిగే ఫిక్స్‌డ్ డిపాజిట్) వేయండి.

స్కూటర్‌కు థర్డ్ పార్టీ బీమా (ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ఒక్కటే ఉంటే వరద నష్టానికి పైసా రాదు, ఓన్ డ్యామేజ్ (మన బండికి జరిగే నష్టానికి) కూడా ఉండాలి. ఇంజిన్‌లోకి నీళ్లు వెళ్లిన బండిని మాత్రం స్టార్ట్ చేయొద్దని మీవారికి ఇప్పుడే చెప్పండి. స్టార్ట్ చేసి ఇంజిన్ పాడైతే ఆ క్లెయిమ్‌ను కంపెనీ తిరస్కరించవచ్చు.