అమ్మలూ, ముందు అన్నం తిను

మల్కాపురం,
విశాఖపట్నం

అమ్మలూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. మూడు రోజులు ఉపవాసం ఉన్నావు, రాత్రి రెండింటి దాకా మోకాళ్ల మీదే ఉన్నావు, అయినా "దేవుడు నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు పెదనాన్నా" అని రాశావు. బెంగళూరు ఉద్యోగానికి సరే అనాలా, బైపాస్ అయిన నాన్నని చూసుకుంటూ ఇక్కడి స్కూల్లోనే ఉండిపోవాలా, సోమవారం లోపు చెప్పాలి. పైగా మొన్న ప్రార్థన కూటాల్లో ఎవరో నీ తల మీద చెయ్యి పెట్టి "నువ్వు దూరదేశం వెళ్తున్నావు" అన్నారు. టెన్షన్ పడక ఏం చేస్తావు మరి.

ముందు అన్నం తిను. ఇది మీ పెద్దమ్మ మాట కాదు, బైబిల్లో ఏలీయా ప్రవక్త కథలో ఉన్నదే. ఆయన తనను చంపిస్తానన్న యెజెబెలు రాణి భయానికి అరణ్యంలోకి పారిపోయి, బదరీ చెట్టు కింద కూలబడి, నా ప్రాణం తీసుకో ప్రభువా అన్నాడు. దేవుడు అప్పుడు ప్రసంగం చెయ్యలేదు. దూతను పంపి, పడుకున్నవాణ్ణి తట్టి లేపించి, నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డిలో నీళ్లు పెట్టించాడు. తిని మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి తినమన్నాడు. హోరేబు కొండా, అక్కడ వినబడిన దేవుని స్వరమూ నలభై రోజుల నడక తర్వాతి సంగతి. ఉపవాసం తప్పని నేననను. కానీ నీరసంలో ఉన్నవాడికి తన గుండెదడ కూడా దేవుని హెచ్చరికలాగే వినబడుతుంది.

ఆ కొండ మీద పెనుగాలి వీచింది, భూమి కంపించింది, మెరుపు మెరిసింది. వాటిలో దేవుడు లేడు. ఆ తర్వాత "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము" అని ఉంటుంది మన బైబిల్లో. ఆ నిమ్మళం అన్న మాట నాకు చాలా ఇష్టం. జ్వరం పడి లేచినవాణ్ణి "ఒంట్లో నిమ్మళించిందా?" అని అడుగుతాం చూడు, అదే. మార్కు సువార్త నాలుగో అధ్యాయంలో యేసు గాలిని గద్దించాక కూడా "మిక్కిలి నిమ్మళమాయెను" అనే ఉంటుంది. లండన్ మిషనరీ సొసైటీ నుంచి క్రాన్, డెగ్రాంజ్ అనే ఇద్దరు 1805లో మన ఊళ్లోనే దిగి, ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి సాయంతో సువార్తలను తెలుగు చేసే పని మొదలుపెట్టారు. అయిదేళ్లు తిరిగేసరికి ఇద్దరూ కన్నుమూశారు. ఒక్కో మాట దగ్గర వాళ్లెంతసేపు కూర్చున్నారో. మనం మాత్రం అధ్యాయం అధ్యాయం గబగబా చదివేసి టిక్కు పెట్టేస్తాం.

నా చెవుల సంగతి నీకు తెలుసు కదా. ఆటోనగర్ షెడ్లలో ముప్పై ఏళ్లు ప్లేట్ల మీద సుత్తి దెబ్బలు, గ్రైండర్ల మోత. చెవుల్లో పెట్టుకోమని ప్లగ్గులు ఇస్తే జేబులో వేసుకునేవాణ్ణి, తప్పు నాదే. అలా మోతలో బతికినవాళ్లకి ముందుగా సన్నటి శబ్దాలు పోతాయట. లారీ హారన్ వినబడుతుంది, మనవరాలి గొంతు వినబడదు. చెవి మిషన్ పెట్టిన కుర్రాడు ఒక మాటన్నాడు: "ఇది అన్నిటినీ పెద్దది చేస్తుంది పెద్దాయనా. ఏది వినాలో మీ బుర్ర నేర్చుకోవాలి. ముందు రోజూ కాసేపు చప్పుడు లేని గదిలో ఒక్క మనిషి మాటే వినండి." నెల రోజులు మీ పెద్దమ్మని ఎదురుగా కూర్చోబెట్టుకుని అదే పని చేశాను. ఇప్పుడు చేపల బజారు గోలలో కూడా ఆవిడ పిలిస్తే తెలుస్తుంది.

నిన్నూ అదే చెయ్యమంటున్నాను. రేపు పొద్దున ఫోను వంటగదిలో పెట్టి డాబా మీదికి వెళ్లు. మార్కు 4లో ముప్పై అయిదో వచనం నుంచి చివరిదాకా పైకి చదువు, మెల్లగా, మూడుసార్లు. ఏ మాట దగ్గర గొంతు ఆగుతుందో అక్కడ ఆగిపో. తేదీ వేసి ఒక్క లైను నోటుబుక్కులో రాసుకో. పావుగంట చాలు. మొదటి వారం ఏమీ జరిగినట్టుండదు, ముందే చెప్తున్నా. నువ్వు ఎవరినీ ఏమీ అడక్కుండా కూర్చుంటే ఆయన గొంతు నీకు అలవాటవుతుంది.

ఇక కూటాల్లో నీకు చెప్పిన ఆ "దూరదేశం" ప్రవచనం సంగతి. బెంగళూరు దూరదేశం ఎలా అవుతుందమ్మా, ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు దిగుతావు. నవ్వులాటకి అన్నాను గానీ, పౌలు ప్రవచించడాన్ని నిర్లక్ష్యం చెయ్యొద్దంటూనే, ఆ వెంటనే "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్నాడు. రెండోది మనం చదవం. నేనూ చదవలేదు. నీకప్పుడు నాలుగేళ్లుంటాయేమో, ఒకాయన నా చేతులు పట్టుకుని "ఈ చేతుల మీదుగా పదిమందికి జీతాలు వెళ్తాయి" అన్నాడు. సొంత షెడ్డు పెట్టాలని నేను రాత్రింబవళ్లు ప్రార్థన చేస్తున్న రోజులవి. నా కోరికే ఇంకో గొంతులో తిరిగి వినబడేసరికి దేవుడే అనుకున్నాను. మీ పెద్దమ్మ "ఆర్డరు చేతికొచ్చాక కొందాం మిషన్లు" అంది, కూర కలుపుతూ, మెల్లగా. దాన్ని అవిశ్వాసం అన్నాను. ఆవిడ గాజులు అమ్మాను. పద్నాలుగు నెలలకి షెడ్డు మూసేశాను. ఆ ఇంట్లో ఆ రోజు నిమ్మళంగా మాట్లాడింది ఎవరో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

జనవరి ఒకటిన చర్చిలో నువ్వు తీసిన వాగ్దానం కార్డు, ఆ బైబిలు వచనం ఉన్నది, అదీ అంతే. ధైర్యానికి గోడకి పెట్టుకో. రైలు టికెట్టు లెక్కన వాడకు.

ఇంకొకటి. "బెంగళూరు వెళ్తాననుకుంటే సమాధానంగా ఉంది పెదనాన్నా" అన్నావు, అంటే మనసు నెమ్మదిగా ఉందని. ఉండొచ్చు. కానీ హుద్‌హుద్ రోజు గుర్తుందా? 2014 అక్టోబరు 12, ఆదివారం. పొద్దున్నుంచీ కొట్టిన గాలి మధ్యాహ్నం టక్కున ఆగింది. మా వీధి అంతా బయటికొచ్చాం. ఎగిరిపోయిన రేకులు ఏరుకుంటున్నాం, ఒకాయన పాటందుకున్నాడు కూడా. అది తుపాను కన్ను అని మాకేం తెలుసు? కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొట్టింది, మొదటిసారి నిలబడ్డ వేపచెట్టు అప్పుడు పడింది. ఆ మార్కు కథలో తుపాను మధ్యే యేసు దోనెలో నిద్రపోయాడు. దేవుడు పంపినచోటికి వెళ్లని యోనా ప్రవక్త కూడా తుపానులో ఓడ అడుగున గాఢంగా నిద్రపోయాడు. యేసు తండ్రిని నమ్మి పడుకున్నాడు, యోనా పారిపోతూ పడుకున్నాడు. నీది ఏ నిద్రో నీకే తెలుస్తుంది. ఇంట్లో మందుల డబ్బా, రాత్రుళ్లు దగ్గు, వీటికి దూరంగా వెళ్తున్నానన్న తేలిక అయితే అదీ మనిషికి సహజమే, తప్పు పట్టను. దానికి సమాధానం అని పేరు మాత్రం పెట్టకు.

వెళ్లమనీ చెప్పను, ఉండమనీ చెప్పను. అంత పొడుగు మెసేజ్‌లో నాన్న ఏమన్నాడో ఒక్క ముక్క లేదు, అది గమనించావా? వాడు నా తమ్ముడు, వాడంతట వాడు నోరు విప్పడు. సమూయేలుని దేవుడు పిలిస్తే ఆ పిల్లాడికి అది మందిరంలో తనతో ఉన్న ముసలి యాజకుడు ఏలీ గొంతులాగే వినబడింది, మూడుసార్లు ఆయన దగ్గరికే పరిగెత్తాడు. నువ్వూ ఒకసారి వెళ్లు. రాత్రి మాత్రలు ఇచ్చేటప్పుడు కాదు, పొద్దున టీ తాగేటప్పుడు అడుగు. ఆ కంపెనీవాళ్లని కూడా ఇంకో వారం గడువు అడుగు. ఇస్తే ఇస్తారు, లేకపోతే లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక నాన్నని తీసుకుని ఇటు రా. పెద్దమ్మ వంజరం పులుసు పెడతానంది. ముందు రోజు మెసేజ్ పెట్టు. పొద్దున ఏడింటి దాకా నేను మిషన్ తీసేసి కూర్చుంటాను, ఫోను వినబడదు.

మీ పెదనాన్న