గోల్ఫ్ బ్యాగ్ రిపేరుకు లొంగాలంటే గుడ్డ కాదు, కుట్టే వరస చూడాలి

మీ ప్రశ్న: "స్టాండ్ బ్యాగ్ (వంచితే రెండు కాళ్లు విప్పుకుని నిలబడే గోల్ఫ్ బ్యాగ్) ఒకటి డిజైన్ చేస్తున్నాం. జిప్పు పోయినా, కాలు విరిగినా బ్యాగ్ మొత్తం పారేసే పరిస్థితి రాకూడదు. ఏ గుడ్డ, ఏ మెటీరియల్ వాడితే మంచిది?"

గుడ్డ సంగతి చివర్లో చెప్తాను. అది నాలుగు ముక్కల్లో తేలిపోయే విషయం. గోల్ఫ్ బ్యాగ్‌లో గుడ్డ ముందు పోవడం అరుదు. ముందు పోయేవి వేరే ఉన్నాయి: జిప్పు రన్నర్, కాళ్ల కీలు, బేస్ నుంచి కాళ్లను తోసే కడ్డీ, భుజం పట్టీ కుట్టిన చోటు, పైన డివైడర్ల (క్లబ్బుల్ని, అంటే గోల్ఫ్ కర్రల్ని, విడదీసే అడ్డ గుడ్డల) అంచు. అన్నీ చవక సామాన్లే, బజారులో దొరికేవే. అయినా బ్యాగ్ చెత్తకుప్పకే పోతుంది, ఎందుకంటే పాడైన చోటికి చెయ్యి వెళ్లదు, మిషను అసలే వెళ్లదు.

ఫ్యాక్టరీలో బ్యాగ్ తయారయ్యే వరస గుర్తు చేసుకోండి. గుడ్డ బల్ల మీద పరిచి ఉన్నప్పుడే పాకెట్లు, జిప్పులు కుట్టేస్తారు. తర్వాత దాన్ని గొట్టంలా చుట్టి పక్క కుట్టు వేస్తారు. ఆపైన పైకి కాలర్ (బ్యాగ్ నోటి చుట్టూ ఉండే గట్టి ఫ్రేము), కిందికి బేస్ (అడుగు) పెట్టి రివెట్లు కొడతారు. అంటే అన్నిటికంటే ముందు పాడయ్యే జిప్పు అన్నిటికంటే లోపలి వరసలో ఉంటుంది, ఎప్పటికీ పాడవని బేస్ దానికి తాళం వేసి కూర్చుంటుంది. దాదాపు 85–90 సెం.మీ. పొడవున్న ఆ గొట్టం మధ్యకి ఏ మామూలు కుట్టు మిషను చెయ్యీ అందదు. ఈ వరస మార్చకుండా ఎంత గట్టి గుడ్డ వాడినా రిపేరు సులువు కాదు.

ఇప్పుడున్న బ్యాగుల్లో బట్టల పాకెట్ జిప్పు మార్చడం ఎలా ఉంటుందో వివరంగా చెప్తాను. ఎక్కడెక్కడ చెయ్యి ఆగిపోతుందో చూస్తే డిజైన్ దానంతట అదే తెలుస్తుంది.

మొదట, పోయింది జిప్పా, రన్నరా అన్నది తేల్చాలి. రన్నర్ ముందుకు వెళ్తున్నా వెనక పళ్లు విడిపోతుంటే చాలాసార్లు తప్పు రన్నర్‌దే. లోపల అరిగి నోరు వదులైపోతుంది. వెనక అంచుల్ని పటకారుతో ఎడమ కొంచెం, కుడి కొంచెం నొక్కితే పట్టుకుంటుంది. ఒకేసారి గట్టిగా నొక్కితే పగులుతుంది, అది జింకు మిశ్రమం, వంగే లోహం కాదు. ఈ మరమ్మత్తు కొన్నాళ్లకే. అసలు పరిష్కారం రన్నర్ మార్చడం. వెనక వైపు సైజు అంకె ఉంటుంది, సాధారణంగా 5, 8 లేదా 10. అంకె ఒకటే అయినా ఒక కంపెనీ రన్నర్ ఇంకో కంపెనీ జిప్పు మీద సరిగ్గా నడవకపోవచ్చు. నైలాన్ కాయిల్ జిప్పు రన్నర్, అచ్చుపోసిన ప్లాస్టిక్ పళ్ల జిప్పు రన్నర్ ఒకదానికొకటి పనికిరావు.

రన్నర్ ఎక్కించాలంటే జిప్పు కొస కావాలి. ఆ కొస పాకెట్ అంచు పైపింగు (అంచు వెంట కుట్టిన సన్న పట్టీ) కింద ఉంటుంది, ఆ పైపింగు పక్క కుట్టు కింద ఉంటుంది. ఒక చిన్న రన్నర్ కోసం మూడు వరసల కుట్లు విప్పాలి. అందుకే చాలామంది దొంగదారి పడతారు: జిప్పు కింది చివర పళ్ల మధ్య చిన్న గాటు పెట్టి, అక్కడి నుంచి రెండు వైపులా సమంగా రన్నర్ ఎక్కించి, గాటుకి పైన దారంతో ఎనిమిది, పది చుట్లు వేసి అడ్డం కడతారు. పాకెట్ నోరు రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది కానీ పని నడుస్తుంది.

పళ్లే పోతే దొంగదారి లేదు. బేస్ రివెట్లు డ్రిల్లుతో తీయాలి. డ్రిల్లు తగలగానే రివెట్ తల కూడా గిర్రున తిరుగుతుంది, దాన్ని సన్నటి పటకారుతో పట్టి ఉంచాలి, లేకపోతే ప్లాస్టిక్ బేస్‌లో రంధ్రం కరిగి పెద్దదవుతుంది. తెగిన రివెట్ తోకలు గొట్టం లోపల పడి గలగలమంటాయి, వాటిని దులిపి తీయకపోతే క్లబ్ షాఫ్టుల మీద గీతలు పడతాయి. బేస్ వదిలాక డివైడర్ల కింది కుట్టు అడ్డొస్తుంది. అది విప్పి, పక్క కుట్టు 20–25 సెం.మీ. విప్పి, అప్పుడు జిప్పు ఊడదీయాలి. కొత్త జిప్పుని పిన్నులతో కాదు, 6 మి.మీ. రెండు వైపులా అంటుకునే టేపుతో నిలబెట్టాలి. కోటింగ్ ఉన్న గుడ్డలో పడిన రంధ్రం మళ్లీ పూడదు, కాబట్టి కొత్త కుట్టు పాత రంధ్రాల్లోనే పడాలి. పక్కన కొత్త వరస వేస్తే గుడ్డ ఆ గీత వెంట చిరుగుతుంది. 110 నంబరు సూది, టెక్స్ 70 (దారం మందం కొలత) బాండెడ్ పాలిస్టర్ దారం, టాకా 3–4 మి.మీ. మిషను అందని చోట ఆరె, వంకర సూది. జిప్పు కుట్టడానికి అరగంట చాలు, విప్పి మళ్లీ మూయడానికి పూట పడుతుంది.

కాబట్టి మీరు చేయాల్సిన మొదటి పని, పాకెట్‌ని గొట్టం నుంచి విడదీయడం. పాకెట్ తన వెనక ప్యానెల్‌తో సహా దిండు గలీబులా ఊడి రావాలి. దీనికి నాకు నచ్చిన పద్ధతి తెరచాపల్లో, టెంటు గుడారాల్లో వాడేదే: ప్యానెల్ రెండు నిలువు అంచుల్లో 6 మి.మీ. నైలాన్ తాడు పెట్టి పైపింగు కుట్టడం, గొట్టం మీద గాడి ఉన్న ప్లాస్టిక్ పట్టీలు బిగించడం. ప్యానెల్ పైనుంచి కిందికి గాడిలో జారుతుంది, కింద ఒక మర దాన్ని ఆపుతుంది. పాకెట్ తీసి బల్ల మీద పరిస్తే ఏ టైలరైనా జిప్పు మారుస్తాడు. వెల్క్రో మాత్రం వద్దు. లాగుడుకి బాగానే నిలుస్తుంది కానీ గడ్డి, నూలు పోగులు పట్టి అంచులు లేవడం మొదలవుతుంది. పాకెట్ ఊడదీయడానికి ఇంకో జిప్పు పెట్టిన డిజైన్లు కూడా ఉన్నాయి, రిపేరు తగ్గించడానికి ఇంకో రిపేరు చేర్చినట్టు.

గాడి పట్టీలకి ఖర్చు సరిపోదంటే కనీసం ఈ ఒక్కటి చేయండి. జిప్పు రెండు కొసల్నీ పక్క కుట్టులోకి పోనివ్వకండి. కొస 30 మి.మీ. బయటే ఉండి, చిన్న గుడ్డ మడత కింద ఒక్క అడ్డ టాకాతో ఆగాలి. రన్నర్ పోతే ఆ ఒక్క టాకా విప్పి, కొత్తది ఎక్కించి, మళ్లీ నాలుగు పోట్లు పొడిస్తే అయిపోతుంది. దీనికి అదనంగా అయ్యేది అరచేతిలో సగం గుడ్డ. పాకెట్ మూలలు కూడా గుండ్రంగా, 40 మి.మీ. వ్యాసార్ధానికి తగ్గకుండా ఉంచండి. ఇరుకు మూల తిరిగేటప్పుడే రన్నర్ ఎక్కువ అరుగుతుంది, జిప్పు కూడా అక్కడే విచ్చుకుంటుంది.

బేస్, కాలర్ రెండింటికీ రివెట్లు తీసేయండి. ఎం4 (4 మి.మీ. వ్యాసం) స్టెయిన్‌లెస్ బటన్ హెడ్ మరలు, 2.5 మి.మీ. అలెన్ కీ, అంతే. బ్యాగ్ మొత్తానికి ఆ ఒక్క కీ సరిపోవాలి. ప్లాస్టిక్‌లోకి నేరుగా దిగే సెల్ఫ్ ట్యాపింగ్ మరలు పెడితే నాలుగైదుసార్లు విప్పేసరికి గాడి చెడుతుంది. బేస్ పాలీప్రొపిలీన్ అయితే వేడి చేసి దించే ఇత్తడి ఇన్సర్టులు కూడా సరిగా నిలవవు. అలాంటి చోట మర ఆరపార దూరి అవతల నైలాక్ నట్టులో (వదులవకుండా లోపల నైలాన్ రింగు ఉండే నట్టు) బిగియాలి, రెండు వైపులా 12 మి.మీ. వాషరు ఉండాలి. మర వదులవకుండా పట్టే థ్రెడ్‌లాకర్ ద్రవం పోసేస్తే పోదా అంటారు. ఏబీఎస్, పాలీకార్బొనేట్ లాంటి ప్లాస్టిక్కులకి అది తగిలితే సన్న పగుళ్లు వస్తాయి. నైలాక్ నట్టుకి ఆ బాధ లేదు.

కాళ్ల దగ్గర కథ వేరు. బ్యాగ్ వంచినప్పుడు బేస్ నొక్కుకుని, 3–4 మి.మీ. స్టీలు కడ్డీని పైకి తోస్తుంది, అది కాళ్లని విప్పుతుంది. కార్టు మీద పెట్టి పట్టీని కాళ్ల మీదుగా బిగిస్తే ఆ కడ్డీ కొంచెం వంగుతుంది. వంగిన కడ్డీ పొట్టిదైనట్టే, కాళ్లు పూర్తిగా విప్పుకోవు. బ్యాగ్ ఒక పక్కకి ఒరుగుతుంటే యజమాని కాలిని చేత్తో లాగుతాడు. అప్పుడు కాలర్‌తో కలిపి అచ్చుపోసిన కీలు చెవి పగులుతుంది. అంటే వంగింది కడ్డీ, బలైంది కాలర్ మొత్తం. చాలా డిజైన్లలో ఉన్న అసలు లోపం ఇదే.

ఏది ముందు విరగాలో డిజైన్ చేసేవాళ్లే నిర్ణయించాలి. కడ్డీ పై కొసకి ఎం4 మర గాడి తీసి 15 మి.మీ. సర్దుబాటు ఉంచండి, వంగినా నట్టు తిప్పి పొడవు కలపొచ్చు. కడ్డీని కీలుకి కలిపే చోట ప్లాస్టిక్ ఫోర్కు, పిన్ను, క్లిప్పు పెట్టండి. బలం ఎక్కువైతే ఆ ఫోర్కు విరగాలి, కీలు కాదు. కీలు చెవులు కాలర్‌లో భాగం కాకుండా విడి ముక్కగా, రెండు మరలతో ఉండాలి. కీలుకి 5 మి.మీ. స్టీలు పిన్ను, చివర ఇ-క్లిప్పు (పిన్ను గాడిలో ఇరికే E ఆకారపు క్లిప్పు). కుడి కాలు, ఎడమ కాలు ఒకటే ముక్క కావాలి. దాన్ని రెండు రకాలుగా చేసే తయారీదారులకి విడి భాగాలు అమ్మే ఉద్దేశం ఉందని నేను నమ్మను. కాలి గొట్టం బజారులో దొరికే వ్యాసంలో ఉండాలి, పైన ఒక అడ్డ మరతో ఆగాలి. కింది రబ్బరు తొడుగు జిగురుతో అంటించకండి, బిగువుగా తొడిగితే చాలు. గొట్టంలో చేరిన నీరు పోవడానికి 3 మి.మీ. రంధ్రం ఉంచండి.

భుజం పట్టీకి లెక్క వేసుకోండి. క్లబ్బులు 14కి మించకూడదన్న నియమం అమెరికాలో 1938 నుంచి, మిగతా దేశాల్లో గోల్ఫ్ నియమాలు చూసే ఆర్ అండ్ ఏ సంస్థ పరిధిలో 1939 నుంచి ఉంది. ఆ 14 కలిపి ఐదారు కిలోలు. బంతి ఒక్కోటి గరిష్ఠంగా 45.93 గ్రాములు, డజను అర కిలో పైన. నీళ్లు, వాన కోటు, బ్యాగ్ సొంత బరువు కలిస్తే పది కిలోలు. భుజానికి ఎగరేసినప్పుడు పడే కుదుపు దానికంటే ఎక్కువ. దాన్ని గుడ్డకి కుట్టిన పట్టీ మీద వదిలేయకూడదు. పట్టీ కొస కాలర్‌కి మరతో బిగించిన రింగులోంచి దూరి వెనక్కి మడిచి బకిల్‌లో ఆగాలి. బకిళ్లు అడ్డకడ్డీలో చీలిక ఉన్నవి తీసుకుంటే కుట్టు విప్పకుండానే మార్చొచ్చు. బ్యాగ్ అంతటా 25 మి.మీ., 38 మి.మీ. పట్టీలు తప్ప మూడో వెడల్పు రానివ్వకండి.

డివైడర్లు కిందికంటా కుట్టకుండా పైన ఫ్రేముకి తొడుగులా వేలాడదీసి, కింద ఎలాస్టిక్ కొక్కెంతో పట్టండి. 14 గదుల కాలర్ అడిగేవాళ్ల మాట వినకండి. గది ఇరుకైనకొద్దీ గ్రిప్పులు ఇరుక్కుంటాయి, లాగుడికి కుట్లు తెగుతాయి. వాటర్‌ప్రూఫ్ అని కుట్టు మీద వేడితో టేపు అంటించిన బ్యాగులూ అంతే. ఒక్కసారి కుట్టు విప్పితే ఆ టేపు మళ్లీ అతకదు. జిప్పు మీద వెడల్పాటి గుడ్డ రెప్ప పెడితే మామూలు వానకి చాలు. ఇక జీవితకాల వారంటీ అని రాసుకునేవాళ్లు చేసేది చాలాసార్లు పాతది పారేసి కొత్తది పంపడమే. అది రిపేరు కిందికి ఎలా వస్తుందో నాకు అర్థం కాదు.

బేస్ లోపల ఒక గుడ్డ చీటీ కుట్టండి: జిప్పు సైజు, పొడవు, రన్నర్ రకం, మర కొలత, కాలి గొట్టం వ్యాసం. రిపేరు చేసేవాడికి కావాల్సింది ఈ ఐదు అంకెలే. అచ్చులు ఆర్డర్ చేసే ముందు నమూనా బ్యాగ్‌ని దాన్ని ఎప్పుడూ చూడని మనిషికి ఇచ్చి, ఒక అలెన్ కీ చేతిలో పెట్టి, ఏమీ చెప్పకుండా కాలు, పాకెట్ మార్చమనండి. అతను కత్తెర అడిగాడంటే డిజైన్ ఇంకా అవలేదు.

ఇక గుడ్డ. ఒంటికి 600 డెనియర్ (నూలు మందం కొలత) పాలిస్టర్. నైలాన్ రాపిడికి బాగా ఆగుతుంది కానీ ఎండకి పాలిస్టరే మెరుగు, దారం విషయంలోనూ అంతే. లోపలి పీయూ (పాలీయురేథేన్) కోటింగ్ తేమలో మూసి ఉంచితే ఏళ్లు గడిచాక జిగటగా మారి పొరలు లేస్తుంది, కాబట్టి బేస్ దగ్గర గాలి ఆడే రంధ్రాలు పెట్టండి. పీయూ రెక్సిన్ జోలికి పోకండి. పగిలిన రెక్సిన్ కుట్టుని పట్టుకోదు. రంగు మాత్రం ప్రత్యేకంగా వేయించకుండా, గుడ్డ మిల్లు ఎప్పుడూ నిల్వ ఉంచేదే ఎంచుకోండి, ఐదేళ్ల తర్వాత ఒక్క ప్యానెల్ మార్చాల్సి వస్తే ఆ గుడ్డ దొరకాలి కదా.